కట్టువాడు లేని పంజరములు

గిజిగాడు గూడు కట్టును. గడ్డిపోచను ముక్కుతో చీల్చి తెచ్చి, కొమ్మకు ముడివైచి, గాలికి ఊగుచున్నను తెగని గూటిని అల్లు ఆ పక్షి నేర్పును పల్లెటూళ్లలో ఎల్లరును ఎఱుగుదురు. తేనెటీగలు మైనముతో ఆరుమూలల గదులను పేర్చును. మేదరి వెదురుబద్దలతో బుట్ట నల్లును. తాపీపనివాడు ఇటుకపై ఇటుక నుంచి గోడ లేపును. ఈ పనులన్నిటియందును కట్టబడు వస్తువు వేఱు, కట్టువాడు వేఱు. ఇటుకలను, సున్నమును, ఇసుకను ఒక తొట్టిలో పోసి, నీరు చల్లి కుదిపినంతనే ఇల్లు లేచి నిలుచునని ఎవ్వరైన చెప్పినచో వినువారు నవ్వక మానరు.

ఐనను కంటికి కానరాని కొలతలలో ఇట్టి వింతయే ఎడతెగక జరుగుచున్నది. పోలియో, జలుబు మున్నగు వ్యాధులను కలిగించు వైరసులకు ఒక్కొక్కదానికి ఒక కవచము కలదు. ఆ కవచమును కట్టుటకు గిజిగాడు లేదు; తాపీపనివాడును లేడు. దాని ముక్కలు రోగి దేహకణములలోని ద్రవమునందు అటునిటు తిరుగుచు, ఒకదానినొకటి తాకి, అంటుకొని, కొలదికాలములోనే నిండుకవచముగా ఏర్పడును. ఈ విద్యను వైరసునుండి నేర్చుకొని, తమకు వలసిన కొలతలతో పంజరములను కట్టవలెనని శాస్త్రజ్ఞులు చాలకాలము ప్రయత్నించిరి. చిన్న చిన్న అణువులు తమంత తామే కూడి పంజరమగు ఈ క్రియకు స్వయంనిర్మాణమని పేరు.

వైరసు జీవియా, జడపదార్థమా అను వివాదము నేటికిని తీరలేదు. దానికి ఆహారము లేదు, శ్వాస లేదు, తనంత తాను సంతానమును పొందు శక్తియు లేదు. అది జీవకణములో చొరబడి, ఆ కణముచేతనే తన ప్రతిరూపములను చేయించుకొనును. దానియందు ముఖ్యభాగములు రెండు. లోపల కేంద్రకామ్లమను సన్నని పోగు ఉండును. వైరసు ఎట్లు నిర్మింపబడవలెనో తెలుపు సమాచారమంతయు దానిపై అక్షరములవలె వ్రాయబడియుండును. వెలుపల మాంసకృత్తులతో, అనగా ప్రోటీనులతో, చేయబడిన కవచము ఉండును. కొన్ని వైరసులకు ఈ కవచముపైన క్రొవ్వుపొర యొకటి కూడ కలదు గాని, వాటి ప్రస్తావన ఇచ్చట అవసరము లేదు.

ప్రోటీను అనగా ఏమి? అమైనో ఆమ్లములను చిన్న అణువులు పూసలవలె గొలుసుగా చేరి, ఆ గొలుసు ఒక నియతమైన ఆకారమున మడతపడినచో ప్రోటీను అగును. సాధారణముగా ఇందు కనబడు పూసలు ఇరువది విధములు. పూసల వరుసనుబట్టి మడత యుండును. మడతనుబట్టి ప్రోటీను చేయు పని యుండును. ఒక్కొక్క పూసకు మూడేసి అక్షరముల చొప్పున ఈ వరుస కేంద్రకామ్లముపై వ్రాయబడియుండును. ఈ మూడక్షరముల లెక్కను మనస్సునం దుంచుకొనవలెను. ముందు దానితో పని కలదు.

1935లో వెండెల్ స్టాన్లీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, పొగాకు మొక్కలకు మొజాయిక్ తెగులును కలిగించు వైరసును సన్నని సూదులవంటి స్ఫటికములుగా చేసి చూపెను. రోగమును వ్యాపింపజేయు వస్తువు, ఉప్పువలె సీసాలో పోసి దాచదగిన స్ఫటికమగుట ఆనాటివారికి విడ్డూరముగా తోచెను. ఇరువది సంవత్సరములు గడచిన పిదప, 1955లో, కాలిఫోర్నియాలోని బర్క్లీయందు ఫ్రాంకెల్-కాన్రాట్, విలియమ్స్ అను ఇరువురు అంతకంటె గొప్ప వింతను కనుగొనిరి. వారు ఆ వైరసును విడదీసి, ప్రోటీనును ఒక పాత్రలోను, కేంద్రకామ్లమును వేఱొక పాత్రలోను ఉంచిరి. రెండును వేఱువేఱుగా నున్నప్పుడు తెగులు పుట్టించు శక్తి దాదాపుగా నశించెను. వాటిని తిరిగి నీటిలో కలిపి యుంచగా మునుపటి కడ్డీవంటి వైరసులే మరల ఏర్పడెను. పొగాకు ఆకులపై రుద్దగా మునుపటి తెగులే వచ్చెను. పాత్రలో జీవకణము లేదు. ముక్కలను పట్టి పేర్చిన చేయి లేదు. కూడుటకు వలసిన నేర్పంతయు ఆ ముక్కలలోనే ఉన్నదని ఆ ప్రయోగము తేటతెల్లము చేసెను.

ఈ కడ్డీ పొడవు 300 నానోమీటరులు. లావు 18 నానోమీటరులు. మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అందు ఒక భాగము నానోమీటరు. కడ్డీలో ఒకే విధమైన ప్రోటీను ముక్కలు సుమారు 2,130 కలవు. అవి మేడకు వేసిన మెలిమెట్లవలె చుట్టుకొనుచు పైకి పోవును.

ఒకే ముక్క ఇన్నిమారులు ఏల? ఈ ప్రశ్నకు చిన్న గుణకారముతో సమాధానము దొరకును. ఆ వైరసు కేంద్రకామ్లమునందు సుమారు 6,400 అక్షరములు కలవు. పూసకు మూడక్షరముల చొప్పున అవి 2,100 పూసలకు కొంచెము మించి చాలును. కవచములోని ఒక్కొక్క ముక్కలో 158 పూసలున్నవి. 2,130 ముక్కలకు లెక్కించినచో మొత్తము 3,36,540 పూసలు. కావలసినవి మూడు లక్షలకు పైబడియుండగా, వ్రాసికొనుటకు రెండువేల పూసలకు మాత్రమే చోటున్నది! అట్టి పేదవానికి కవచమంతయు ఒకే పెద్ద ప్రోటీనుగా చేయించుకొను స్థితి ఎక్కడిది? ఒక చిన్న ముక్క వర్ణనను మాత్రము వ్రాసికొని, దానినే వేలకొలది చేయించుకొనుట తప్ప గత్యంతరము లేదు. ఈ అంకెలన్నియు సరిగా తేలకముందే, 1956లో, క్రిక్, వాట్సన్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి తర్కముతోనే చిన్న వైరసుల కవచములన్నియు ఒకే రీతి ముక్కల కూర్పులై యుండవలెనని ప్రకటించిరి.

ఆ కూర్పును కన్నులారా చూచుటకు మార్గము ఎక్స్‌కిరణములు. స్ఫటికములోనుండి పోయిన ఎక్స్‌కిరణములు పలకపై వదలు చుక్కలను కొలిచి, వాటినుండి అణువుల అమరికను గణించుట మిక్కిలి ఓపికతో కూడిన పని. లండన్ నగరమున బర్క్‌బెక్ కళాశాలలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ అను విదుషీమణి ఈ పనియందు అసమానురాలు. పొగాకు వైరసునందలి కేంద్రకామ్లము కడ్డీ నడిమి బోలులో గాక ప్రోటీను ముక్కల నడుమనే ఇమిడియున్నదని ఆమె తేల్చెను. 1958లో బ్రస్సెల్సు నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకై ఆమె ఈ వైరసుయొక్క పెద్ద నమూనా నొకదానిని సిద్ధము చేసెను. ప్రదర్శనము ఏప్రిల్ 17వ తేదీన ప్రారంభమయ్యెను. ముందటి దినముననే ఆమె క్యాన్సరు వ్యాధితో మరణించెను. అప్పటి కామె వయస్సు ముప్పదియేడు సంవత్సరములు. ఆమె మొదలుపెట్టిన పోలియో వైరసు పరిశోధనను సహచరులైన క్లుగ్, ఫించ్ అనువారు కొనసాగించి, 1959లో ఫలితములను ప్రకటించి, ఆ వ్యాసమును ఆమె స్మృతికి అంకితము చేసిరి.

పోలియో వైరసు కడ్డీ కాదు, బంతివంటిది. దాని అడ్డుకొలత సుమారు 30 నానోమీటరులు. అట్టి వైరసులను ఒక మిల్లీమీటరు పొడవున వరుసగా నిలిపినచో ముప్పదిమూడు వేలు పట్టును. ఒకే ఆకారముగల ముక్కలతో బంతిని కట్టుట చెప్పినంత సులభము కాదు. తేనెపట్టును చూడుడు. ఆరుమూలల గదులు ఒకదాని ప్రక్క ఒకటి ఎంత చక్కగా అమరినను, అట్టి కూర్పు బల్లపరుపుగా సాగిపోవునే గాని వంగి మూతపడదు. కాగితముపై ఆరుమూలల పలకలను గీచి, ఒక పలకకు మాఱుగా ఐదుమూలల పలకను అతికినచో ఆ చోట కాగితము గొడుగువలె ఉబ్బును. అట్టి ఉబ్బులు సరిగా పండ్రెండు ఉన్నప్పుడే ఆ కూర్పు అన్ని వైపుల మూసికొని బంతి యగును. పదునొకండు చాలవు, పదుమూడు పనికిరావు. నమ్మనివారు పాతకాలపు నలుపు తెలుపు ఫుట్‌బాలును తీసికొని దానిపైని ఐదుమూలల నల్లపలకలను లెక్కించి చూడవచ్చును. నల్లవి పండ్రెండు, ఆరుమూలల తెల్లవి ఇరువది కనబడును.

ఆరుమూలల పలకలు లేకయే బంతిని కట్టినచో మిక్కిలి చిన్న కవచము వచ్చును. దానిని ఇరువది సమబాహు త్రిభుజములతో చేయబడిన ఘనముగా ఊహింపవచ్చును. ఆ ఘనమునకు కొనలు పండ్రెండు, అంచులు ముప్పది. ఒక్కొక్క త్రిభుజపు మూడుమూలలలో ఒక్కొక్క ముక్క నుంచినచో ముక్కలు అఱువది యగును. ఈ అఱువదిలో ఏ ముక్కపై నిలిచి చూచినను చుట్టును దృశ్య మొక్కటియే. అందఱికి ఇరుగుపొరుగులు ఒకే తీరున నుందురు. కావున ఒక్క ముక్కకు తన ఇరుగుపొరుగులను పట్టుకొను విధము తెలిసినచో చాలును, అఱువదింటికిని తెలిసినట్లే. పోలియో వైరసునందు నాలుగు విధముల ప్రోటీనులు కలవు. ఒక్కొక్కటి అఱువదేసి చొప్పున ఈ పద్ధతినే అమరియుండును. అంతకంటె పెద్ద వైరసులు అఱువదికి మూడింతలు, నాలుగింతలు, ఇంకను హెచ్చుగా ముక్కలను ఎట్లు కూర్చుకొనునో 1962లో క్యాస్పర్, క్లుగ్ అనువారు వివరించిరి. అమెరికాలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అను శిల్పి సన్నని కమ్మీలను త్రిభుజములుగా బిగించి కట్టిన గుమ్మటములు వారి ఊహకు తోడ్పడెను. క్లుగ్ 1982లో నోబెల్ బహుమతిని పొందెను.

ఇంతవరకు చెప్పినది ఆకారమును గూర్చి. ముక్కలను దగ్గఱకు చేర్చు బలమేది? చారుపై తేలు నూనెచుక్కలను గమనించినచో కొంత బోధపడును. రెండు చుక్కలు తాకినంతనే ఒకటియై పోవును. నూనెకు నీటితో పొసగదు గనుక నీటికి తగులు భాగమును తగ్గించుకొనుటకు అవి ఏకమగును. ప్రోటీను ముక్కలపై కూడ నీటికి పొసగని చోట్లు కలవు. రెండు ముక్కలు అట్టి చోట్లను ఒకదానికొకటి ఆనించుకొని నీటినుండి దాచుకొనును. దీనికి తోడు ధన ఋణ విద్యుదావేశముల ఆకర్షణ కలదు; తాళపుచెవి తాళములో ఇమిడినట్లు ఎత్తుపల్లములు ఇముడుట కలదు. ముక్కలను తెచ్చి తాకించు పని వేడిమిది. వేడిమివలన నీటిలోని అణువులన్నియు నిరంతరము కదలుచు, ప్రోటీను ముక్కలను అన్నివైపుల నుండి త్రోయుచుండును. అందుచే అవి అసంఖ్యాకములుగా డీకొనును.

ఇచ్చట ఒక చిత్రము కలదు. ఈ అంటు మిక్కిలి గట్టిగా నుండినచో కవచము ఏర్పడదు. తప్పుగా అంటిన ముక్క ఊడి రావలెను గదా! అంటు బలహీనమైనదగుటచే తప్పుగా తగిలిన ముక్క విడిపోవును. సరిగా ఇమిడిన ముక్క ఇరుగుపొరుగు లందఱిచే పట్టబడి నిలిచిపోవును. ఒక్కొక్క పట్టు స్వల్పమైనను పట్లన్నియు కూడి కవచమును దృఢము చేయును. అంటు హద్దుమీఱినచో ఏమగునో ఉడికిన కోడిగ్రుడ్డు తెలుపును. వేడికి మడతలు విప్పుకొనిన ప్రోటీనులు ఒకదానికొకటి అడ్డదిడ్డముగా చిక్కుకొని తెల్లని ముద్ద యగును. పంజరమును కట్టదలచిన శాస్త్రజ్ఞుల పాత్రలలో తఱచుగా మిగిలినది అట్టి ముద్దయే.

కవచములు వైరసుల సొత్తు మాత్రమే కాదు. మానవదేహములో ఫెరిటిన్ అను ప్రోటీను కలదు. దాని ముక్కలు ఇరువదినాలుగు చేరి 12 నానోమీటరుల బోలుగుండుగా ఏర్పడును. ఆ గుండు కడుపులో 4,500 వఱకు ఇనుప పరమాణువులు పట్టును. విడిగా తిరుగు ఇనుము కణములకు హాని చేయును గనుక దానిని ధాన్యమును గాదెలో పోసినట్లు ఇందు నిలువచేసి, అవసరమైనపుడు దేహము వాడుకొనును. ఇట్టి గాదెలను స్వేచ్ఛగా రూపొందింపగలిగినచో, మందును లోపల నుంచి పంపుటకో, టీకావస్తువును వెలుపల అంటించి చూపుటకో ఉపయోగించునని పలువురకు తోచెను.

ప్రోటీనులు చిక్కైన వస్తువులు గనుక కొందఱు వాటిని విడిచి సరళమైన అణువులతో ప్రారంభించిరి. జపాను దేశమున మకోటో ఫుజిత అను రసాయన శాస్త్రజ్ఞుడు పల్లాడియమను లోహమును ఎన్నుకొనెను. ఈ లోహపు అయాను నాలుగు వైపుల నాలుగు చేతులను పట్టుకొనగలదు. దానికి నడుము వంగిన పుల్లవంటి అణువులను అందించినచో పండ్రెండు లోహపు అయానులు, ఇరువదినాలుగు పుల్లలు కూడి గుండ్రని పంజరమగును. పుల్ల నడుము వంపును కొలది డిగ్రీలు సడలించినచో పంజరము కొంచెము పెద్దదగునని ఎవ్వరైన ఊహింతురు. అట్లు జరుగలేదు. ఒక హద్దువఱకు ఏ మార్పును లేక, ఆ హద్దు దాటినంతనే ఇరువదినాలుగు అయానులు, నలుబదియెనిమిది పుల్లలతో ఒక్కుమ్మడిగా రెట్టింపు పంజరము ఏర్పడెను. నడుమ మఱియొక మెట్టు లేదు. 2010లో ప్రకటింపబడిన ఈ ఫలితము, కోణమునందు ఎంత జాగ్రత్త వహింపవలెనో పంజరకారు లందఱికిని నేర్పెను. 2016 నాటికి ఫుజిత బృందము 144 ముక్కల పంజరమును సాధించెను.

ప్రోటీనులతో పంజరమును కట్టు తొలిప్రయత్నములలో ముఖ్యమైనది 2001లో లాస్ ఏంజిలిసు నగరమున జరిగెను. టాడ్ యేట్సు, ఆయన సహచరులు రెండు సహజ ప్రోటీనులను గ్రహించిరి. ఒకటి జంటలుగా కూడు స్వభావము కలది. రెండవది మూడేసిగా కూడునది. ఈ రెంటిని వంగని చిన్నకమ్మివంటి ప్రోటీను తునుకతో, ముందుగా లెక్కించిన కోణమున, ఒకే గొలుసుగా అతికిరి. జంటకూడు చోట జంటలును, ముమ్మూట కూడు చోట మూడేసియు చేరగా పండ్రెండు గొలుసులతో పంజరము మూతపడవలెను. ఏర్పడుట నిజముగా ఏర్పడెను గాని అన్నియు ఒకే తీరున నుండలేదు. అతికిన కమ్మి అనుకొనినంత బిగువుగా నిలువలేదు. లోపములను దిద్ది, పంజరము ఆకారమును స్ఫటికములో స్పష్టముగా చూచుటకు 2012 వఱకు పట్టెను. ఒక కోణము కొఱకు పదునొకండు సంవత్సరములు!

ఆ సంవత్సరముననే సియాటిల్ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునుండి డేవిడ్ బేకర్, నీల్ కింగ్ మున్నగువారు, యేట్సు సహకారముతో, వేఱొక మార్గమును ప్రకటించిరి. గొలుసులను అతుకుటకు బదులు వారు ముక్కల ముఖములనే మార్చిరి. మూడేసిగా కూడు సహజ ప్రోటీనులను కంప్యూటరులో ఎనిమిది చొప్పున ఘనపుమూలలయం దుంచినట్లు నిలిపి, అవి ఒకదానినొకటి ఆనువఱకు త్రిప్పుచు జరుపుచు చూచిరి. ఆనిన చోట ఏ పూసలను మార్చినచో రెండు ముఖములు నీటిని వెడలగొట్టి చక్కగా ఇముడునో లెక్కకట్టిరి. అట్లు తేలిన వరుసను జన్యువుగా వ్రాసి, సూక్ష్మజీవులలో ప్రవేశపెట్టి, ప్రోటీనును చేయించిరి. కాగితముమీది లెక్క పాత్రలో ఫలించుట మాత్రము అరుదు. కొన్ని రూపములు ముద్ద కట్టెను. కొన్ని మూడేసిగానే మిగిలిపోయి పంజరమునకు రాలేదు. పెక్కింటిలో రెండు మాత్రము సరిగా కుదిరెను. ఒకటి ఇరువదినాలుగు ముక్కలది, మఱియొకటి పండ్రెండు ముక్కలది. స్ఫటికములో కొలిచి చూడగా పరమాణువులు కంప్యూటరు గీచిన చోటులనే ఇంచుమించుగా నిలిచియుండెను.

2016లో అదే బృందము అఱువది ముక్కల ఇరువదిముఖముల పంజరమును సాధించెను. అది 80 డిగ్రీల సెంటీగ్రేడు వేడికిని చెదరలేదు. ఆ సంవత్సరముననే రెండు విధముల ముక్కలుగల పంజరములు కూడ వెలువడెను. వీటిలో ఒకదానియందు మూడేసిగా కూడిన గుంపులు ఇరువది, ఐదేసిగా కూడిన గుంపులు పండ్రెండు. మొత్తము ముక్కలు నూట ఇరువది. పండ్రెండు అను పాత అంకె ఇచ్చటను కనబడుట విద్యార్థులు గమనింపవలెను. ఈ రెండు గుంపులను వేఱువేఱు సీసాలలో నుంచినంతకాలము ఏ మార్పును ఉండదు. కలిపినంతనే పంజరము కట్టుకొనును. ఎప్పుడు కట్టవలెనో నిర్ణయించు అధికారము ఈ విధముగా మానవుని చేతికి వచ్చెను.

టీకాల విషయమున దీని ప్రయోజనము మొదట వెల్లడి యయ్యెను. దేహములోని రక్షకకణములు విడిగా తేలు ప్రోటీనును అంతగా లక్ష్యపెట్టవు. అదే ప్రోటీను ఒక గుండుపై వరుసలు తీరి, పలుమారులు కనబడినచో వైరసు వచ్చినదని భావించి మేల్కొనును. ప్రకృతిలో ఏర్పడు ఇట్టి గుండ్లను టీకాగా వాడుట క్రొత్త కాదు. కాలేయమును చెఱచు హెపటైటిస్-బి వైరసుయొక్క పైపొర ప్రోటీను, లోపల కేంద్రకామ్లము లేకున్నను, తనంత తానే సుమారు 22 నానోమీటరుల రేణువులుగా కూడును. రోగుల రక్తమునుండి గ్రహింపబడుచుండిన ఈ రేణువులను పిమ్మట ఈస్టు అను సూక్ష్మజీవులచే చేయించిరి. మన దేశములో ఇట్టి టీకాను మొదట తయారుచేసి 1997లో విడుదల చేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ. అయితే ఆ రేణువుల కూర్పు ప్రకృతి యిచ్చినదే. దానిపై మఱియొక వైరసు గుర్తులను ఇష్టమువచ్చినట్లు అమర్చుట సులభము కాదు.

మానవుడు రూపొందించిన పంజరమునకు ఆ చిక్కు తక్కువ. 2020లో కోవిడ్ వ్యాధి లోకమును చుట్టుముట్టినపుడు, సియాటిల్ శాస్త్రజ్ఞులు నూట ఇరువది ముక్కల పంజరమును తీసికొని, మూడేసి గుంపులలోని ఒక్కొక్క ముక్కకు కోవిడ్ వైరసు మానవకణమును పట్టుకొను భాగమును అతికిరి. ఇరువది మూళ్లు అఱువది గనుక, పంజరము కూడినపుడు దాని ఒంటిపై ఆ భాగము అఱువది చోట్ల కనబడును. లోపల రోగమును వ్యాపింపజేయు కేంద్రకామ్లము లేదు. దక్షిణకొరియాలోని ఎస్.కె. బయోసైన్స్ సంస్థ ఈ టీకాను తయారుచేయగా 2022 జూన్ నెలలో ఆ దేశ ప్రభుత్వము అనుమతించెను. కంప్యూటరులో రూపొందింపబడిన ప్రోటీనుతో చేసిన ఔషధము మానవుల వాడుకకు అనుమతి పొందుట అదియే ప్రథమము. అప్పటికే ప్రజలలో పెక్కురు వేఱు టీకాలను పొందియుండుటచే దీని వినియోగము స్వల్పమయ్యెను. శాస్త్రదృష్టితో పెద్దగెలుపు, అంగడిలో ఆలస్యముగా వచ్చిన సరుకు. ప్రోటీనులను రూపొందించు విద్యకు డేవిడ్ బేకరుకు 2024లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో సగము లభించెను. ప్రోటీనుల మడతను ముందుగా చెప్పగల విధానమును కనుగొన్న హస్సాబిస్, జంపర్ అనువారికి మిగిలిన సగము ఇయ్యబడెను.

మందును మోయుటయందు మాత్రము పంజరములు ఇంకను శిక్షణదశలోనే ఉన్నవి. రక్తములో ప్రవేశించిన పరాయి వస్తువును దేహము శీఘ్రముగా తొలగించును. కావలసిన కణమును గుర్తించుట, అందు ప్రవేశించుట, తగిన సమయమున తెఱచుకొనుట అను మూడు పనులును పంజరము నేర్వవలసియున్నది. మూతపడుటకు వలసిన అంటు, తెఱచుకొనుటకు అడ్డగును గదా! 2017లో సియాటిల్ బృందము ఒక పంజరము లోపలి గోడలను మార్చి, తన్ను నిర్మించు సమాచారముగల కేంద్రకామ్లపు పోగును తనలోనే ఇముడ్చుకొనునట్లు చేసెను. తరువాత దాని పూసలలో వేలకొలది చిన్న మార్పులు కల్పించి, ఎలుకల రక్తములోనికి పంపి, చెదరక మిగిలినవానిని ఏఱి, వాటి పోగులను చదివి, మరల చేయించిరి. మొదట అయిదు నిమిషములైన నిలువని పంజరము, ఇట్లు ఏఱగా ఏఱగా, సుమారు నాలుగున్నర గంటలు నిలువగల్గెను. దానికి కవచము కలదు; కవచములో తన వర్ణనయు కలదు. జీవకణములో చొరబడి తన ప్రతిరూపములను చేయించుకొను శక్తి మాత్రము దానికి లేదు. దానిని నిర్మించినవారు అట్టి శక్తిని దానికి ఈయలేదు.